చివరి పెట్టె దాటేదాకా

తమ్ముడికి లోకంలో ఒకే ఒక్క నియమం ఉంది: చివరి పెట్టె దాటేదాకా స్విచ్ మార్చకూడదు.

నిజానికి ఇది బొమ్మ రైళ్ళకు సంబంధించిన నియమం. అది రైళ్ళ దగ్గరే ఆగి ఉంటే అక్కకు రక్తపోటు వచ్చేది కాదు. కాని తమ్ముడు దానిని తలుపులకూ, టీవీకీ, పొయ్యి మీది పాలకూ, పనిలేక వచ్చి కూర్చునే పెద్దమనుషులకూ, చివరికి నోటి మాటలకూ వర్తింపజేశాడు. మనిషి మంచివాడు. అబద్ధమాడడు, ఎవరి మీదా విసుక్కోడు, పని చెబితే తప్పించుకోడు. ఇన్ని సుగుణాలున్న మనిషిని రోజుకు ఒక్కసారైనా పీక పిసికెయ్యాలని అనిపించడం ఎలా సాధ్యమో అక్కకు బోధపడేది కాదు.

అక్కా, ఆమె భర్తా కలిసి ఒక చిన్న బొమ్మల కార్ఖానా నడుపుతున్నారు. కింద కార్ఖానా, మేడ మీద ఇల్లు. పట్టాల మీద తిరిగే రైళ్ళు, గాడిలో పరుగెత్తే కార్లు అక్కడ తయారవుతాయి. భర్త, అనగా తమ్ముడికి బావగారు, వాటి నమూనాలు గీస్తారు. కొనడం, అమ్మడం, అందరి మీదా అరవడం అక్క వంతు. తమ్ముడు పరీక్షల విభాగానికి అధిపతి. ఆ విభాగంలో అతని కింద ఎవరూ లేరు. పైన అక్క ఉంది.

బొమ్మ రైలు దారి మారే పద్ధతి చాలా సులువైనది. ఒక దారి రెండుగా చీలే చోట, కొన తేలిన నాలుకల్లాంటి రెండు సన్నని పట్టాలు ఉంటాయి. వాటిని ఒక అడ్డకడ్డీ కలుపుతుంది. పక్కనున్న మీటను జరిపితే రెండూ కలిసి జరుగుతాయి. ఒకటి పెద్దపట్టాను అంటుకుంటే రెండోది విడివడుతుంది. ఇంజను వాటిని ఆనుకుని నేరుగానో పక్కకో పోతుంది. ఈ విషయంలో ఇంజనుకు సొంత అభిప్రాయమంటూ ఉండదు. కార్ల సెట్టులోనూ ఇంతే. కారు అడుగున ఒక ముల్లు గాడిలోకి దిగి ఉంటుంది. గాడి చీలే చోట చిన్న రెక్క ఒక దారిని మూస్తుంది. తెరిచి ఉన్న దారిన ముల్లు పోతుంది, ముల్లు వెంట కారు పోతుంది. చిక్కల్లా మధ్యలో మార్చినప్పుడే. ఇంజను దాటాక, చివరి పెట్టె దాటక ముందు మీట జరిపితే రైలు ముందు సగం ఒక ఊరికీ, వెనక సగం మరో ఊరికీ బయలుదేరతాయి. నడుమ పెట్టె ఎటూ పోలేక అడ్డం తిరిగి కూలబడుతుంది.

"చూశావా అక్కా," అనేవాడు తమ్ముడు, అలా కూలబడిన పెట్టెను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని. "పాపం, ఇందులో దీని తప్పేముంది?"

"దానిదేం లేదు. నిన్ను పనిలో పెట్టుకున్న నాదే తప్పు," అనేది అక్క.

రోగం మొదట తలుపుల దగ్గర బయటపడింది. ముగ్గురూ ఎక్కడికైనా వెళితే తలుపు తెరిచేవాడూ తమ్ముడే, పట్టుకుని నిలబడేవాడూ తమ్ముడే. ఒకసారి కళ్ళజోళ్ళ దుకాణం ఉన్న పెద్ద భవనంలో లిఫ్టు ఎక్కారు. తమ్ముడు తలుపుకు భుజం ఆనించి నిలబడ్డాడు. తలుపు మూసుకోబోవడం, భుజం తగిలి తెరుచుకోవడం, మళ్ళీ మూసుకోబోవడం. లోపల ఉన్నవాళ్ళు అక్క వంక చూడసాగారు.

"ఎక్కడం అయిపోయిందిగా, వదలరా బాబూ!"

"అడుగుల చప్పుడు వినిపిస్తోందక్కా. ఇంకెవరో ఉన్నారు."

"ఆ చప్పుడు పై అంతస్తులోది!"

"అయితే దిగి వస్తున్నారన్నమాట."

అన్నట్టుగానే ఒక ముసలాయన మెట్లు దిగి వచ్చాడు. లోపలి జనమంతా జరిగి ఆయనకు చోటిచ్చారు. ఆయన అందరినీ ఆశ్చర్యంగా చూసి, "నేను లిఫ్టు ఎక్కను నాయనా. డాక్టరు నడవమన్నాడు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

తమ్ముడు తృప్తిగా తలుపు వదిలాడు. "ఇప్పుడు దాటింది," అన్నాడు. ఆ రోజు కళ్ళజోళ్ళ దుకాణం మూసేసి ఉంది. ఆ నేరం కూడా అక్క తమ్ముడి ఖాతాలోనే వేసింది.

టీవీలో సినిమా అయిపోతే ఎవరైనా కట్టేస్తారు. తమ్ముడు అక్షరాలన్నీ పైకి పోయేదాకా కట్టనిచ్చేవాడు కాదు. పాటలకు పనిచేసినవాళ్ళు, దీపాలు పట్టినవాళ్ళు, భోజనాలు తెచ్చినవాళ్ళు, వీరందరి పేర్లూ దాటి తెర నల్లబడ్డాకే మీట నొక్కాలి. "ఆ భోజనాలు తెచ్చినవాడు నీకేమైనా వేలువిడిచిన మేనమామా?" అని అక్క అడిగేది. "కాదు. అయినా అతనూ ఈ రైల్లోనే ఉన్నాడుగా," అనేవాడు తమ్ముడు.

పాల సంగతి మరీ అన్యాయం. ఒక సాయంత్రం అక్క కూరగాయలు తరుగుతూ చెబుతోంది.

"ఇవాళ కింద పిన్ని ఏమందో తెలుసా... ఒరేయ్, పాలు! పాలు!"

తమ్ముడు పొయ్యి పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపితే చాలు.

"పిన్ని పాలు అందా?" అన్నాడు.

"పాలు పొంగుతున్నాయిరా!"

"అలా అందా? ఎవరితో?"

ఈలోగా పాలు గిన్నె అంచు దాటి, పొయ్యి మీదుగా గట్టెక్కి, గట్టు మీదుగా నేలకు దిగాయి. అక్క గరిటె ఎత్తింది. తమ్ముడు శాంతంగా గుడ్డ తీసుకుని తుడుస్తూ, "నువ్వు పిన్ని రైలును సగంలో వదిలేసి పాల రైలు ఎక్కావు. నేను మొదటి రైల్లోనే ఉన్నాను," అని వివరించాడు. ఇంతకూ పిన్ని ఏమందో అక్క మరిచిపోయింది. ఆ నేరం ఎవరిదన్న చర్చతో భోజనం గడిచింది.

పిన్ని అంటే కార్ఖానాలో సెట్టులను అట్టపెట్టెల్లో సర్దే పెద్దావిడ. ఆమె అందరికీ పిన్నే. ఆమె దృష్టిలో అక్క ఇంకా చిన్నపిల్ల, తమ్ముడు ఇంకా పాలుతాగే పిల్లాడు. "మీ తమ్ముడికి ఏ లోటూ లేదమ్మాయ్," అనేది పిన్ని. "లేనిదల్లా తొందరే. అది నీ దగ్గర ఇద్దరికి సరిపడా ఉంది. దేవుడు పంచేటప్పుడు చెయ్యి జారినట్టుంది."

ఇక మాటల సంగతి. పక్క వీధిలో ఒక బీమా ఏజెంటు ఉన్నాడు. ఆయన మాట్లాడడం మొదలుపెడితే గూడ్సుబండి. ఆయన వీధి మొగలో కనబడితే ఇళ్ళ కిటికీలు వాటంతట అవే మూసుకునేవి. ఈ మాటలో అతిశయోక్తి ఉన్నా పదింట ఒక వంతుకు మించదు. ఆయనను పూర్తిగా విన్న మనిషి ఆ పేటలో తమ్ముడు ఒక్కడే. మొదటిసారి ఆయన తన ఉద్యోగం, పెళ్ళి, మోకాలి నొప్పి, మోకాలికి వాడిన నూనె, ఆ నూనె అమ్మినవాడి వంశం అన్నీ చెప్పి, చెప్పడానికి ఏమీ మిగలక ఆగాడు. తమ్ముడు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఏమీ అనరేం?" అన్నాడు బీమా ఏజెంటు, నుదురు తుడుచుకుంటూ.

"ఇంకేమైనా మిగిలిందేమోనని చూస్తున్నానండి."

ఆయన కళ్ళు చెమర్చాయి. ఆనాటి నుంచి ఆయన ప్రతి ఆదివారం రావడం, వచ్చేటప్పుడు తన మడతకుర్చీ తానే తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అక్క ఆదివారాలంటే భయపడసాగింది.

భోజనాల బల్ల మీద తమ్ముడు చేసిన పనితో అక్క సహనం పూర్తిగా తెగింది. ఒకే దారి మూడుగా చీలే స్విచ్ ఒకటి తెచ్చి, బల్ల నడుమ మరలతో బిగించాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. మూడు దారులూ ముగ్గురి కంచాల వైపు చూపిస్తాయి. ఎవరు మాట్లాడుతుంటే నాలుకలు వారి వైపు ఉండాలి. వారి మాట పూర్తయ్యేదాకా మీట కదలకూడదు. మీట మీద చెయ్యి తమ్ముడిది.

"ఇది ఇల్లా, రైల్వే స్టేషనా?"

"స్టేషనులో అయితే ఇంత గొడవ ఉండదక్కా."

"నేను నా మొగుడితో మాట్లాడడానికి నీ మీట కావాలా?"

"మాట్లాడడానికి అక్కర్లేదు. వినడానికి."

ఇక్కడ బావగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు నత్తి. గీతలో చెయ్యి జంకదు, మాటలో నాలుక జంకుతుంది. మాట మొదట్లో ఒక అక్షరం దగ్గర ఆగిపోతారు, కొంత ఖాళీ, మళ్ళీ కదులుతారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఖాళీలను అక్క పూరిస్తూ వస్తోంది. ఆయన "రేపు..." అంటే ఆమె "బజారుకు వెళ్ళాలి, అంతేగా? నేను వెళతాలెండి," అనేది. ఆయన "ఈ చొక్కా..." అంటే "ఇస్త్రీ చెయ్యలేదు, తెలుసు," అనేది. ఆయన చిరునవ్వు నవ్వి తల ఊపేవారు. ఆయన మొదలుపెట్టడం, ఆమె పూర్తిచేయడం. కాపురమంటే ఇదే కదా అని అక్క నమ్మకం. పదిమందిలో ఆయనకు ఇబ్బంది కలగకుండా తాను కంటికి రెప్పలా కాస్తున్నానని ఆమెకు లోలోపల కొంచెం గర్వం కూడా.

ఈ పూరణలో అప్పుడప్పుడు పొరపాట్లు జరిగేవి. అన్నిటిలోకీ పెద్దది ఎడమ స్విచ్‌ల ఉదంతం. అచ్చుపోసే చోటి నుంచి ఫోను వచ్చింది, కొత్త సెట్టుకు ఏ స్విచ్‌లు పొయ్యాలని. అక్క ఫోను చేత్తో మూసి, భర్త వైపు తిరిగింది. ఆయన "ఎడమవి..." అని ఆగారు. "ఎడమవే పొయ్యండి!" అని అక్క ఫోనులో అరిచి పెట్టేసింది. ఎడమవి ఎన్నో, కుడివి ఎన్నో ఆయన చెప్పబోయారన్న సంగతి సరుకు దిగిన తర్వాత తెలిసింది. తిన్నని దారి పక్కన ఒక పక్కదారి వేయాలంటే ఈ కొసన ఎడమ స్విచ్, ఆ కొసన కుడి స్విచ్ కావాలి. రెండు కొసలా ఎడమవే అయితే పక్కదారి బయలుదేరుతుంది గాని తిరిగి వచ్చి కలవదు. కార్ఖానా నిండా బయలుదేరే దారులు, ఒక్కటీ చేరే దారి లేదు.

"మంచిదేలే అమ్మాయ్," అంది పిన్ని, బుట్టలలోకి తొంగిచూసి. "ఇల్లు విడిచిపొమ్మనే అత్తగార్లకి ఈ సెట్టు బాగా అమ్ముడుపోతుంది."

"మీరే కదండీ ఎడమవి అన్నారు!" అంది అక్క భర్తతో.

ఆయన "నేను..." అన్నారు.

"పోనీలెండి, అయిందేదో అయింది," అంది అక్క, ఉదారంగా.

తమ్ముడు ఇదంతా చూశాడు. ఆ సాయంత్రమే బల్ల మీదికి మూడు దారుల స్విచ్ వచ్చింది.

అక్కకూ ఆ మీటకూ నడిచిన యుద్ధం గురించి చెప్పుకుంటే చాలా ఉంది. బావగారు మాట మొదలుపెట్టేవారు. ఖాళీ వచ్చేది. అక్క నోరు తెరిచేది. తమ్ముడు మీట మీద చెయ్యి అలాగే ఉంచి, "చివరి పెట్టె దాటలేదక్కా," అనేవాడు. అక్క నోరు మూసేది. కూర చల్లారేది. అక్కకు ఆ ఖాళీలో ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉండేది. కుర్చీలో అటు జరిగేది, ఇటు జరిగేది, చెంచా తిప్పేది, గోడ గడియారం వంక చూసేది.

"పాపం ఆయన అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చోవాలా? నీకు రాతి గుండెరా!"

"మీటకి గుండె ఉండదక్కా."

"నిన్నే అంటున్నాను!"

"నేనూ మీట గురించే చెప్తున్నాను."

ఇలా ఉండగా కార్ఖానాకు గడ్డురోజులు వచ్చాయి. పెద్ద దుకాణాలు బయటి నుంచి వచ్చే చవక బొమ్మల వైపు మొగ్గాయి. కొత్త సెట్టు ఒక్కటే ఆశ. అందులో మీట ఉండదు, బటను ఉంటుంది. బటను నొక్కితే తీగచుట్టలోకి కరెంటు వచ్చి, అది అయస్కాంతమై, ఇనుప ముక్కను లాగి, నాలుకలను టక్కున జరుపుతుంది. ఊరంతా దుకాణాలున్న ఒక పెద్ద సంస్థ నుంచి కొనుగోళ్ళు చూసే మేడమ్ స్వయంగా వచ్చి చూస్తానన్నది. ఆమె ఒప్పుకుంటే ఏడాదికి సరిపడా పని. ఒప్పుకోకపోతే కార్ఖానాకు తాళం; పిన్నితో సహా అందరినీ ఇళ్ళకు పంపేయాలి.

అక్క ముందురోజే అందరి పనులూ పంచింది. మాట్లాడేది తాను. బటన్లు నొక్కేది భర్త. తమ్ముడి పని ఊరుకోవడం.

"నువ్వు నోరు తెరిచావంటే చంపేస్తాను."

"తెరవను."

"చివరి పెట్టె అన్న మాట వినపడిందంటే..."

తమ్ముడు చూస్తున్నాడు.

"ఏం, మాట్లాడవేం?"

"నువ్వు వాక్యం పూర్తి చెయ్యలేదక్కా. వినపడితే ఏమవుతుంది?"

అక్క అటుగా వెళుతున్న పిన్నిని సాక్ష్యానికి పిలిచింది. పిన్ని తనకు చెవుడని చెప్పి వెళ్ళిపోయింది.

మేడమ్ వచ్చింది. మితభాషిణి. మొహంలో ఇష్టాయిష్టాలు కనబడవు. పొడవాటి బల్లకు ఒకవైపు ఆమె కూర్చుంది. ఎదురుగా అక్క, అక్కకు ఒక పక్క భర్త, మరో పక్క తమ్ముడు. తమ్ముడు శుభ్రమైన చొక్కా తొడిగాడు గాని, ఇనుము మీద పడినా వేళ్ళు నలగకుండా కార్ఖానాలో వేసుకునే బరువు బూట్లు విప్పడం మరిచాడు. అక్క అనర్గళంగా చెప్పింది. రైలు తిరిగింది, కారు గాడి మార్చింది, స్విచ్ టక్కుమంది, దీపాలు వెలిగాయి. మేడమ్ తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. స్విచ్‌ను చేతిలోకి తీసుకుని తిరగేసింది. పట్టాల పక్కన, నాలుకలకు ముందుగా, సన్నని పొడవాటి పలక ఒకటి కనబడింది.

"ఇదేంటి?"

"దీనిమీద చక్రం ఉన్నంతసేపూ స్విచ్ కదలదండి," అంది అక్క. "రైలు నడుస్తుండగా పిల్లలు ఎన్నిసార్లు బటన్ నొక్కినా ఏం కాదు. బొమ్మల్లో ఇంతకుముందు మేమెక్కడా చూడలేదు."

"బాగుంది. కానీ ఇంత పొడుగెందుకు? సగానికి తగ్గిస్తే బాక్సు చిన్నదవుతుంది. మా అరల్లో ఇంకో వరస పడుతుంది. తగ్గిస్తారా?"

తగ్గిస్తామండీ అన్న మాట అక్క నాలుక చివర సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె భర్త "అది..." అన్నారు. ఆగిపోయారు.

మేడమ్ ఆయన వైపు తిరిగింది. ఆ ఖాళీలో ఏముందో అక్కకు తెలుసు: "అది సులువే" అన్న మాట. ఆయన మెడ బిగియడం ఆమెకు కనబడుతోంది. బయటి మనిషి ముందు, ఇంత ముఖ్యమైన వేళ, ఆయనను ఇలా వదిలేయడమా? అక్క గట్టిగా ఊపిరి పీల్చి, నోరు తెరిచింది.

బల్ల కింద ఆమె కుడిపాదం మీద తమ్ముడి బూటు దిగింది.

తగలడం కాదు, దిగింది. దిగి అక్కడే ఉంది. అక్క తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అందులోంచి రావలసిన మాట కాలి దగ్గర ఇరుక్కుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేడమ్ ముందు మొహం చిట్లించకూడదు గనుక ఆ నోటిని అతి కష్టం మీద చిరునవ్వుగా మార్చింది. తమ్ముడు మాత్రం బావగారి వైపు ఎంత శ్రద్ధగా చూస్తున్నాడంటే, ఈ కార్ఖానాలో ఇదే మర్యాద కాబోలు అనుకుని మేడమ్ కూడా చేతులు కట్టుకుని అలాగే చూడసాగింది.

"అది... స... సగం చెయ్యకూడదండి," అన్నారు బావగారు.

అక్క చిరునవ్వు బిగుసుకుపోయింది.

"పెట్టె ముందు చక్రాలకీ... వెనక చక్రాలకీ మధ్య ఖాళీ ఉంటుంది. ప... పలక ఆ ఖాళీ కంటే పొడుగ్గా ఉండాలి. పొట్టిదైతే... ముందు చక్రాలు దిగిపోయి, వెనకవి ఇంకా ఎక్కకముందే పైకి లేస్తుంది. రైలు... దాటిపోయిందనుకుంటుంది." ఆయన కాస్త ఆగారు. ఎవరూ కదలలేదు. "దాటలేదండి. అది... ఖాళీ. అంతే."

అక్కకు కాలి నొప్పి గుర్తులేదు. పెళ్ళయిన తర్వాత ఆయన నోట ఇంత పొడవైన మాట మొదటి నుంచి చివరి దాకా విన్నది ఆమెకు జ్ఞాపకం రాలేదు. విన్న దానిలో ఒక్క ముక్క కూడా తాను పూరించబోయిన దానితో కలవలేదు. సగం చేయకూడదన్న మనిషి నోట సగం చేస్తామనిపించబోయింది. ఇన్నేళ్ళలో ఇంకా ఎన్నిటిని ఇలా పూరించిందో? ఆ చొక్కా విషయంలో ఆయన చెప్పబోయింది ఇస్త్రీ గురించేనా?

బావగారు లేచి, అరలోంచి పొట్టి పలకతో చేసిన మొదటి నమూనాను తెచ్చి పట్టాల్లో అమర్చారు. అన్నిటికంటే పొడవైన పెట్టెను ఇంజనుకు తగిలించారు. బటనును మేడమ్ ముందుకు జరిపి, "మీ ఇ... ఇష్టమొచ్చినప్పుడు నొక్కండి," అన్నారు. మేడమ్ పెట్టె నడుమ భాగం పలక మీదికి వచ్చినప్పుడు నొక్కింది. ముందు చక్రాలు నేరుగా పోయాయి, వెనక చక్రాలు పక్కదారి పట్టాయి, పెట్టె అడ్డం తిరిగి, బల్ల అంచు దాకా పొర్లి, ఆమె ఒళ్ళో పడింది.

మేడమ్ మొహంలో మొదటిసారిగా ఏదో కదిలింది.

"అర్థమైంది. పొడుగుదే ఉంచండి. మా అరల సంగతి మేం చూసుకుంటాం," అంది పెట్టెను తిరిగి ఇస్తూ. "అయినా, ఇంత పొడుగు కావాలని మీకెలా తట్టింది?"

బావగారు ఒకసారి భార్య వైపు చూశారు. ఆ చూపులో నిష్ఠూరం లేదు, అల్లరి ఉంది. అది ఆమె ఎన్నడూ చూడని అల్లరి.

"మా ఇంట్లో ఒకరున్నారండి... కొం... కొంచెం ఖాళీ దొరికితే చాలు... బటను నొక్కేస్తారు."

మేడమ్ పెద్దగా నవ్వింది. తమ్ముడు అక్క పాదం మీద నుంచి బూటు తీశాడు.

"ఆర్డరు ఖాయం చేస్తాను," అంది మేడమ్ లేస్తూ. "మా అమ్మకాల వాళ్ళందరినీ ఒక హాల్లో కూర్చోబెడతాను. మీరే వచ్చి చెప్పాలి, ఇలాగే."

"ఆయన..." అంది అక్క. కాలి మీద ఇప్పుడు ఏ బూటూ లేదు. ఆగింది. ఆ ఆగడం ఎంత కష్టమో ఆమెకు, తమ్ముడికి మాత్రమే తెలుసు.

"వ... వస్తాను," అన్నారు బావగారు.

మేడమ్ కారు వీధి మలుపు తిరిగాక అక్క కుంటుకుంటూ వెళ్ళి, మెట్ల దగ్గర తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుంది.

"ఒరేయ్, నిజం చెప్పు. ఈ చివరి పెట్టె గోలంతా మీ బావ కోసమా?"

"కాలు బాగా నొప్పిగా ఉందా అక్కా?"

"కాలు ఎక్కడికీ పోదు. అడిగిందానికి చెప్పు."

తమ్ముడు మెట్టు మీద కూర్చుని బూటు లేసు ముడి విప్పి, మళ్ళీ వేయసాగాడు. ఇబ్బందిలో పడితే అతడు చేసే పని అదే.

"మీ పెళ్ళైన కొత్తలో నేను మీ ఇంటికొచ్చాను. బావగారు నాతో ఏదో చెప్పబోయారు, నువ్వు పూర్తి చేశావు. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు, నువ్వు మళ్ళీ పూర్తి చేశావు. మూడోసారి ఆయన మొదలుపెట్టలేదు."

"నేను సాయం చేద్దామనే కదరా..."

తమ్ముడు ఆగాడు. ఆమె ఇంకేమీ అనకపోయేసరికి అందుకున్నాడు.

"తెలుసు. అందుకే చెప్పలేకపోయాను. బావగారి మాటకి అడ్డురాకు అని నీతో అంటే నువ్వు ఏడుస్తావు, ఆయన సిగ్గుతో చచ్చిపోతారు. స్విచ్ మార్చకు అంటే నువ్వు నన్ను తిడతావు, అంతే. తిట్లే నయమనిపించింది."

"మరి టీవీ? తలుపులు?"

"ఆయన మాటలకి మాత్రమే ఆగితే తెలిసిపోదూ? అందుకని అన్నిటికీ ఆగాల్సొచ్చింది."

"ఆ బీమా ఏజెంటు కూడానా!"

"ఆయన మాత్రం అనుకోకుండా తగులుకున్నాడక్కా," అన్నాడు తమ్ముడు దీనంగా. "ఆదివారమొస్తే నాకూ భయంగానే ఉంటుంది."

అక్క కాలరు వదిలింది. ఏడవాలో తిట్టాలో తేల్చుకోలేక, అలవాటు కొద్దీ తిట్టడానికే సిద్ధపడి, చివరికి వేరే ప్రశ్న అడిగింది. "అయితే ఈ రైళ్ళ పిచ్చి..."

"నాకు రైళ్ళంటే పెద్ద ఇష్టమేం లేదక్కా," అన్నాడు తమ్ముడు. "కార్లే నయం."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర బావగారు మంచి హుషారులో ఉన్నారు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటూనే బావమరిది వైపు తిరిగారు.

"నువ్వు మొ... మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు... నేను నీకొకటి చెప్పబోయాను. గుర్తుందా?"

అక్క చెంచా కింద పెట్టింది. కొత్త పెళ్ళికొడుకు భార్య తమ్ముడితో చెప్పాలని తపించిన మాట ఏమై ఉంటుంది? మీ అక్కను బాగా చూసుకుంటాననా? ఆమె వంటి భార్య దొరకడం తన అదృష్టమనా? పూరించడానికి ఆమె దగ్గర మంచి మంచి ముగింపులు సిద్ధంగా ఉన్నాయి. పెదవులు బిగించి కూర్చుంది.

"ఆ రోజు గదిలో ఫ్యాను... చ... చప్పుడు చేస్తోంది చూడు," అన్నారు బావగారు. "దానికి కారణం... రె... రెక్కలు కాదు."

తరువాత ఆయన ఫ్యాను చప్పుడుకు ఉండగల కారణాలను ఒక్కొక్కటే తీసుకుని, అవి ఎందుకు కావో నిరూపించారు. బేరింగు గురించి చెప్పారు. బేరింగులో వేసే గ్రీజు గురించి చెప్పారు. గ్రీజులలో రకాలున్నాయన్నారు. ప్రతి రకానికీ ముందు ఒక ఖాళీ, తరువాత ఒక వివరం. కూర చల్లారి, తెట్టె కట్టింది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన కబురు ఇదా అన్నట్టు తమ్ముడు మొదట కళ్ళు పెద్దవి చేశాడు, తరువాత చిన్నవి చేశాడు, చివరికి గడ్డం కింద చెయ్యి ఆనించి మెల్లగా ఒక పక్కకు ఒరగసాగాడు. ఆవులింత ఒకటి అణిచాడు. రెండోది అణగలేదు.

"బావగారూ," అన్నాడు, బావగారు ఊపిరి తీసుకునే వేళ చూసి, "మిగతా గ్రీజులు రేపు..."

"మాట్లాడనీరా!" అంది అక్క, రెండు మోచేతులూ బల్లకు ఆనించి భర్త మొహంలోకి చూస్తూ. "మధ్యలో నీ సొమ్మేం పోయింది?"